రెండో డబ్బా

ఆవిడ్ని ఆఫీసులో అందరూ డబ్బాలక్క అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్లు. తర్వాత మొహం మీదే అన్నారు. ఆ తర్వాత జీతాల గుమాస్తా కూడా అసలు పేరు మర్చిపోయి ఒకసారి కవరు మీద అలాగే రాశాడు.  ఆవిడ కవరు తీసుకుని సంతకం పెట్టి వెళ్లిపోయింది.

దేశంలో జనం ఏం తింటున్నారు, ఎలా ఉన్నారు, గాలిలోంచీ నీళ్లలోంచీ తిండిలోంచీ వాళ్ల ఒంట్లోకి ఏ విషం ఎంత దిగుతోంది అని ప్రభుత్వం రెండేళ్లకోసారి సర్వే చేస్తుంది. చాలా పెద్ద సర్వే. చీట్లు తీసినట్టు ఇళ్లు తీస్తారు. ఏ ఇల్లు వస్తే ఆ ఇల్లే. వాళ్లు కుదరదన్నారు కదా అని పక్కింట్లో దూరడానికి లేదు. ఒక పొడుగాటి వ్యాను వచ్చి పేటలో దిగుతుంది. అందులో బరువు చూసేవాళ్లు వేరు, రక్తం తీసేవాళ్లు వేరు, జుట్టు కత్తిరించి పొట్లం కట్టేవాళ్లు వేరు. డబ్బాలక్కది డబ్బా.

డబ్బా అంటే మూరెడు ఎత్తు తెల్ల ప్లాస్టిక్ డబ్బా. బిగుతు మూత. దాని మీద పేరుండదు, నంబరే ఉంటుంది. చీటీలో వచ్చిన మనిషి ఒక రోజంతా నోట్లో ఏం వేసుకుంటే అదే, అంతే, ఈ డబ్బాలోనూ వెయ్యాలి. రెండు గరిటెల కూర తింటే డబ్బాకి రెండు గరిటెలు. అరగ్లాసు టీ తాగితే డబ్బాకి అరగ్లాసు. మర్నాడు పొద్దున డబ్బాలక్క వచ్చి, తూకం వేసి, ఏమేం ఉన్నాయో కాగితం మీద రాసుకుని, ఐసులో పెట్టి ల్యాబుకి పంపిస్తుంది. అక్కడ కూర, అన్నం, టీ, అరటిపండు అన్నీ కలిపి ఒక మిషనులో రుబ్బి, ఆ ముద్దలో సీసం ఎంత, పురుగుమందు ఎంత, ఉప్పు ఎంత అని చూస్తారు. ఇలా రుబ్బుతారని ఎవరికీ చెప్పకూడదన్నది డబ్బాలక్క సొంతంగా పెట్టుకున్న నియమం. ఒకసారి ఒకావిడకి చెబితే, "అంత శ్రద్ధగా వండితే తీసుకెళ్లి టీలో కలుపుతారా?" అని చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏ ఇంటికెళ్లినా డబ్బాలక్క చెప్పేది ఒకటే మాట. "నీకో కవలపిల్ల ఉందనుకో. నువ్వేం తింటే అదీ అదే తింటుంది, నువ్వెంత తింటే అదీ అంతే తింటుంది. ఆ పిల్లే ఈ డబ్బా." ఇరవయ్యొక్కేళ్లలో ఈ మాట రెండువేల మూడొందల సార్లు చెప్పింది. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఒకసారి చెప్పింది కూడానట. వాళ్లాయన సాక్ష్యం.

ఈ ఉద్యోగానికి ముఖ్యంగా కావలసింది మొహం. ఎవరు ఏం తిన్నామని చెప్పినా కనుబొమ్మ కదలకూడదు. "అయ్యో", "అబ్బో", "మంచిదే" అనకూడదు. అన్నావా, మరుసటి పూట నుంచి వాళ్లు నీకోసం తినడం మొదలుపెడతారు. డబ్బాలక్క మొహం దీనికే పుట్టిందనాలి. నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. పెళ్లి ఫోటోలో కూడా ఆవిడ పక్కనున్న పెళ్లికొడుకుని తూకం వేస్తున్నట్టే ఉంటుంది. ఆ పెళ్లికొడుకు ముప్పై రెండేళ్లు బస్సు నడిపి రిటైరై, ఇప్పుడు ఇంట్లో టీవీ నడుపుతున్నాడు.

ఇక జనం డబ్బాలో ఏం పెడతారో చెబితే మీరు నమ్మరు. ఒక పోలీసాయన రోజంతా ఉడికించిన కూరగాయలే పెట్టాడు. ఆయన పొట్ట కుర్చీలో ఆయనకంటే ముందు కూర్చుంటుంది. ఒక ఇంట్లో నిమ్మకాయ చక్రాలుగా తరిగి పైన అలంకరించారు. ఇంకొకావిడ కొత్త గరిటె కొంది, పాతది డబ్బాకి బాగోదని. అద్దెలు కట్టలేక అవస్థ పడుతున్న ఇళ్లలోంచి జీడిపప్పులు వచ్చేవి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా?

కాగితం అడుగున ఒక గడి ఉంటుంది. 'పెట్టినది తిన్నదానితో సమానం కాదని అనుమానం ఉందా?' ఉంది అని రాస్తే ఆ డబ్బా చెల్లదు, మళ్లీ ఇంకో రోజు పెట్టించాలి. డబ్బాలక్క ఇరవయ్యొక్కేళ్లలో ఒక్కసారి కూడా 'ఉంది' అని రాయలేదు. రెండువేల మూడొందల డబ్బాలకీ 'లేదు'. దేశం మొత్తమ్మీద ఇంత శుభ్రమైన రికార్డు ఇంకెవరికీ లేదని సూపర్‌వైజరు మీటింగుల్లో లేచి చెప్పేవాడు. కొత్తగా చేరినవాళ్లకి శిక్షణ ఇవ్వమని ఆవిడ్నే పంపేవాడు. నాలుగు నెలల్లో రిటైర్మెంటు. ఆ రోజు ఇవ్వడానికి ఒక షీల్డు కూడా చేయిస్తున్నారని అందరికీ తెలుసు, ఆవిడకి మాత్రం తెలియదన్నట్టు అందరూ నటిస్తున్నారు, ఆవిడా నటిస్తోంది.

మరి ఆవిడకి అనుమానం రాలేదా? ఎందుకు రాదూ, కళ్లు లేవా? వచ్చింది. కానీ పరాయివాళ్ల వంటింట్లో నిలబడి, "అమ్మా, నువ్వు ఇంత తినవు" అని ఎలా అంటాం? ఉన్నంతలో మర్యాదగా పెట్టుకున్నారు, పోనీలే అనుకునేది. ఇంతమంది లెక్కలో ఒక గరిటె అటూ ఇటూ అయితే దేశం మునిగిపోదులే అనుకునేది. అలా అనుకుని 'లేదు' రాసి, డబ్బా చంకన పెట్టుకుని బస్సెక్కేది.

ఆ ఏడాది చీటీ ఆవిడ ఊళ్లోనే వచ్చింది. ఇంటి నుంచి రెండు బస్సుల దూరంలో ఒక పేట. వ్యాను ఆరువారాలు ఉంటుంది. మొదటి వారంలో వచ్చిన ఇళ్లలో ఒక కుట్టుమిషను అమ్మాయి ఇల్లు ఉంది. రెండు గదులు, వెనక సన్నటి వంటిల్లు. ముందుగదిలో కిటికీ కింద మిషను. అమ్మాయికి పాతికేళ్లుంటాయి. మొగుడు వడ్రంగి. మూడేళ్ల కూతురు. మళ్లీ కడుపుతో ఉంది, ఐదో నెల.

చీటీలో వచ్చింది ఆ అమ్మాయే. వేలు మీద పొడిచి రక్తం చూసే చిన్న మిషను ఒకటి వ్యాన్లోనే ఉంటుంది, సీసం ఎంతుందో మూడు నిమిషాల్లో చెప్పేస్తుంది. ముప్పై ఒకటి అని చెప్పింది. వ్యాన్ డాక్టరమ్మ చిన్నపిల్ల, చదువు అయిపోయి రెండేళ్లు. మిషను పాడైందనుకుని తన వేలు పొడుచుకుంది. రెండు వచ్చింది. మళ్లీ ఆ అమ్మాయిది చూసింది. ముప్పై ఒకటే.

"ఇది ఐదు లోపు ఉండాలి అక్కా," అంది డాక్టరమ్మ, డబ్బాలక్కని పక్కకి పిలిచి. "సీసం తల్లి దగ్గర ఆగదు. తిన్నగా బిడ్డకి పోతుంది. మెదడు మీద పడుతుంది. ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకుని ఆపాలి, ఎంత తొందరగా ఆపితే అంత మంచిది. మందుల కంటే అదే ముఖ్యం."

మొగుడిదీ పిల్లదీ కూడా చూశారు. ఆయనది ఐదు, పిల్లది నాలుగు. ఇదే డాక్టరమ్మకి అంతుపట్టలేదు. గోడల రంగైతే గోడ నాకే వయసు పిల్లకి ఎక్కువుండాలి. నీళ్లైతే ముగ్గురికీ ఉండాలి. మిగిలింది తిండి, కుట్టుపని. తిండి సంగతి డబ్బా తేలుస్తుంది కదా అని డబ్బా కోసం ఎదురుచూశారు.

రెండువారాలకి ల్యాబు నుంచి కాగితం వచ్చింది. డబ్బా నిక్షేపంలా ఉంది. సీసం లేదు, ఏమీ లేదు. ఉప్పు కూడా తగుపాళ్లలోనే ఉంది.

"అయితే తిండి కాదు," అంది డాక్టరమ్మ. "వేరేవాళ్ల డబ్బా అయితే నమ్మేదాన్ని కాదేమో. మీ డబ్బా కదక్కా, సందేహమే లేదు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు డబ్బాలక్క చెయ్యి దానంతటదే చేతిసంచీ మీదికి పోయింది. సంచీలో ఏమీ లేదు, కళ్లజోడూ గొడుగూ ఉన్నాయంతే.

తిండి కాదు కాబట్టి కుట్టుపనే అని తేల్చారు. దారం పంటితో తెంపుతోందనీ, పాత గుండీలూ జిప్పులూ నోట్లో పెట్టుకుంటోందనీ, వాటి రంగులో సీసం ఉండొచ్చనీ అన్నారు. మిషను మీద దుప్పటి కప్పించారు. గుండీల డబ్బాలు వీధి చివర పారబోయించారు. రోజుకో గుడ్డు తినమన్నారు, పాలు తాగమన్నారు. ఒంట్లో సున్నం, ఇనుము బాగుంటే సీసం తక్కువ పడుతుందట. కుట్టుమిషను అమ్మాయి అన్నిటికీ తలూపింది. రెండువారాలు దారం ముట్టుకోలేదు. చేతులు ఊరుకోక పిల్ల జడ రోజుకి ఐదుసార్లు వేసింది.

రెండువారాల తర్వాత రక్తం మళ్లీ చూశారు. ముప్పై మూడు.

డాక్టరమ్మ వ్యాను మెట్ల మీద కూర్చుండిపోయింది. వ్యాను వెళ్లిపోవడానికి ఎనిమిది రోజులుంది. వ్యాను వెళితే ఆ పరీక్షల సామానూ వెళుతుంది, మనుషులూ వెళతారు. తర్వాత ఇంటికి ఒక ఉత్తరం వస్తుంది, పెద్దాసుపత్రిలో చూపించుకోమని. ఎవరికి చూపించుకున్నా అడిగే ప్రశ్న ఒకటే, ఎక్కణ్ణుంచి వస్తోందని.

ఆ సాయంత్రం డబ్బాలక్క ఇంటికెళ్లి వంట చేసింది. వాళ్లాయనకి వడ్డించింది. ఆయన తిని చెయ్యి కడుక్కుని టీవీ ముందుకి పోయాడు. ఆవిడ వంటింట్లో నిలబడి, మొన్నటి కూర గిన్నెకి పట్టుకున్నది చెంచాతో గీకి గీకి అన్నంలో కలుపుకుంటోంది. నీళ్ల కోసం వచ్చి ఆయన చూశాడు.

"కొత్త కూర అంత ఉండగా అదేం తిండే?"

"పారెయ్యలేక."

"ఊళ్లోవాళ్ల తిండంతా తూకం వేశావు. ఎవరైనా వచ్చి నీ ముందు డబ్బా పెడితే ఇదే పెడతావా అందులో?"

"ఛ, ఇదెందుకు పెడతానండీ," అంది డబ్బాలక్క. "కొత్త కూర పెడతాను."

అనేసి చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆయన నీళ్లు తాగి, గ్లాసు కడిగినట్టు చేసి, వెళ్లిపోయాడు. ఆవిడ చెంచా కింద పెట్టింది. కుట్టుమిషను అమ్మాయి డబ్బా కళ్లముందు కనపడింది. అప్పుడే దించిన కూర, తెల్లగా విడివిడిగా అన్నం, పైన సగానికి కోసిన ఉడికిన గుడ్డు. ఆ డబ్బా తూకం ఎనిమిదొందల గ్రాముల పైన. ఆ అమ్మాయి మణికట్టు డబ్బాలక్క బొటనవేలూ చూపుడువేలూ కలిపితే పట్టేంత. అప్పుడే తెలుసు. తెలిసే 'లేదు' రాసింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్లి సూపర్‌వైజరు ముందు నిలబడింది.

"ఆ డబ్బా చెల్లదు సార్. అనుమానం ఉంది అని మార్చండి. ఇంకోటి పెట్టిస్తాను."

సూపర్‌వైజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడా అక్కా? నెల దాటాక?"

"అనుమానం అప్పుడే వచ్చింది. రాయడానికే నెల పట్టింది."

"మీకు అర్థమవుతోందా?" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "ఇరవయ్యొక్కేళ్ల రికార్డు. ఒక్కటి మార్చారనుకోండి, పైవాళ్లు మిగతావన్నీ అడుగుతారు. వాటి సంగతేంటంటే ఏం చెప్తారు?"

"అడిగితే చెప్తాను. అవీ ఇంతే అని."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. నాలుగు నెలలు ఆగితే గౌరవంగా వెళ్లిపోవచ్చు కదా అన్నాడు. ఆ అమ్మాయికి ఆ నాలుగు నెలల్లోనే కాన్పు అంది డబ్బాలక్క.  ఆవిడ గడిలో 'లేదు' కొట్టేసి, 'ఉంది' అని రాసి, పక్కన సంతకం పెట్టింది. ఇరవయ్యొక్కేళ్ల పరువు కాగితంతో సహా ఆయన ముందుకి తోసింది. 

కొత్త డబ్బా తీసుకుని తొమ్మిదింటికల్లా కుట్టుమిషను అమ్మాయి ఇంటికెళ్లింది. ఈసారి డబ్బా ఇచ్చి రాలేదు. వంటింటి గడప దగ్గర కూర్చుంది.

"నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటానమ్మాయ్. నువ్వు నీ పని చేసుకో."

అమ్మాయి కంగారుపడింది. కుర్చీ తెచ్చింది. టీ తెచ్చింది. బిస్కెట్లు తెచ్చింది, పక్కింటి పిల్లాణ్ణి పంపించి ఇంకో రకం బిస్కెట్లు తెప్పించింది. రెండు కూరలు చేసింది. మధ్యాహ్నం వడ్రంగి వచ్చి వేడివేడిగా తిన్నాడు. పిల్లకి ముద్దలు పెట్టింది. డబ్బాలక్క ముందు కూడా కంచం పెడితే ఆవిడ వెనక్కి తోసింది. వడ్రంగి పనికి వెళ్లిపోయాడు, పిల్ల పడుకుంది. అమ్మాయి గిన్నెలు తోమింది. పొయ్యి తుడిచింది. తుడిచిన పొయ్యి మళ్లీ తుడిచింది.

"నువ్వు తినవా?"

"తింటాను పిన్నిగారూ. మీరు వెళ్లాక తింటాను."

"నేను వెళ్లను."

"అయితే తర్వాత తింటాను."

రెండయింది. మూడయింది. కడుపుతో ఉన్న పిల్ల, పొద్దున అరగ్లాసు టీ తప్ప కడుపులో ఏమీ లేదు. డబ్బాలక్కకి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఇరవయ్యొక్కేళ్లుగా చెయ్యని పని చేసింది. ఎదుటివాళ్ల ముందు తన తిండి సంగతి ఎత్తింది.

"నిన్న సాయంత్రం నేనేం తిన్నానో తెలుసా? మొన్నటి కూర. గిన్నెకి ఎండిపోయి ఉంటే గీకి తిన్నాను. నిలబడి. పక్కన కొత్త కూర ఉంది."

కుట్టుమిషను అమ్మాయి ఆవిడ మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఎప్పట్లాగే ఏమీ లేదు. అమ్మాయికి నవ్వొచ్చింది.

"మీరు కూడానా పిన్నిగారూ?"

"నేను కూడానే."

అప్పుడు అమ్మాయి లేచి, బియ్యం డబ్బా వెనక నుంచి మూతపెట్టిన ఇత్తడి గిన్నె ఒకటి తీసి ముందు పెట్టింది. మూత తీసింది. టమాటా కూర. అడుగున మొన్నటిది, మధ్యలో నిన్నటిది, పైన ఇంకేదో.

"మిగిలినవన్నీ ఇందులో వేస్తానండీ. పారేస్తే మనసొప్పదు. వాళ్లకి పెడితే మొహాలు ముడుచుకుంటారు. ఇది నాది."

"రోజూ ఇదే తింటావా?"

"దాదాపు రోజూనండీ."

"మరి ఆ రోజు డబ్బాలో ఇదెందుకు పెట్టలేదు? నువ్వు తిన్నదే పెట్టమన్నాను కదమ్మా. కవలపిల్ల అని చెప్పాను కదా."

అమ్మాయి నొచ్చుకున్నట్టు చూసింది. "భలేవారే పిన్నిగారూ. ప్రభుత్వం వాళ్లు పనిగట్టుకుని మా ఇంటికొచ్చి డబ్బా ఇస్తే, మిగిలిపోయింది పెడతానా? మా పరువేం కాను? అయినా కవలపిల్ల అన్నారు. ఆ పిల్లకి మాత్రం పాచిది ఎలా పెడతానండీ?"

డబ్బాలక్క పక్కనున్న డబ్బా వైపు చూసింది. తనే చెప్పింది, రెండువేల మూడొందల సార్లు. లేని బిడ్డని ఒకర్ని చూపించి తిండి పెట్టమంటే ఏ ఆడది మిగిలింది పెడుతుంది? తమకి లేనిది కూడా తెచ్చి దానికి పెట్టారు. ఆవిడ మీద ఆవిడకే ఒళ్లు మండిపోయింది.

గిన్నె తూకం వెయ్యడానికి కూర వేరేదాంట్లోకి ఒంపింది. లోపల అడుగున, ఇత్తడి పచ్చదనం మధ్య, అరచేతిలో సగమంత బూడిదరంగు మచ్చ. చుట్టూ అంచు తినేసినట్టు గుంటలు పడి ఉంది.

"ఇదేంటి?"

"మాటు అండీ, చిల్లు పూడ్చిన అతుకు. మా అత్తగారి గిన్నె. ఆవిడ పోయాక కారడం మొదలెట్టింది. అమ్మేద్దామంటే మా ఆయన ఒప్పుకోలేదు. తనే తీసుకెళ్లి మాటు వేయించుకొచ్చారు. రెండేళ్లవుతోంది. పొయ్యి మీద పెడితే ఊడుతుందన్నారని, మిగిలినవి పోసుకోవడానికి వాడుకుంటున్నాను."

డబ్బాలక్క ఆ కూర తిననివ్వలేదు. తాజా అన్నం తనే వడ్డించి, ఎదురుగా కూర్చుని, పూర్తిగా తినిపించింది. డాక్టరమ్మకి ఫోను చేసింది. అమ్మాయి ఆ పూట గిన్నెలోంచి ఎంత తినేదో అంతా రెండో డబ్బాలో వేసి మూత పెట్టింది. తర్వాత కాగితం తీసి, "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం తిన్నావో చెప్పు. డబ్బాకి కాదు, నాకు చెప్పు," అంది. అమ్మాయి చెప్పింది. చెంచాలతో, గరిటెలతో కొలిచి చూపిస్తూ చెప్పింది. డబ్బాలక్క రాసుకుంది.

డాక్టరమ్మ పరుగున వచ్చి, దూది చుట్టిన పుల్ల ఒకటి మందులో ముంచి ఆ మచ్చ మీద రుద్దింది. పుల్ల ఎర్రబడింది. లేతగా కూడా కాదు, కుంకుమలా ఎర్రబడింది. మాటు నిండా సీసమే. పులుపు రెండేసి రోజులు దాని మీద నిలవ ఉండి కొంచెం కొంచెంగా కరిగించి కూరలో కలిపింది. డాక్టరమ్మ వంటింట్లో నేల మీదే చతికిలబడి, "దొరికింది," అని నాలుగైదుసార్లు అంది. తర్వాత కళ్లు తుడుచుకుంది.

మీరు కంగారుపడతారని ముందే చెప్పేస్తున్నాను. ఆ గిన్నె పోయాక అంకె దిగింది. నెల తిరిగేసరికి ఇరవై రెండు, కాన్పు నాటికి ఎనిమిది. పుట్టింది కూడా ఆడపిల్లే. బరువు సరిగ్గానే ఉంది, ఆసుపత్రి అంతా వినపడేలా ఏడ్చింది. పిల్లని ఐదేళ్లు కనిపెట్టి చూడాలన్నారు, చూస్తున్నారు. డబ్బాలక్కకి షీల్డు రాలేదు. సూపర్‌వైజరు రిటైర్మెంటు రోజు ఒక శాలువా కప్పి, రికార్డు మాట ఎత్తకుండా పది నిమిషాలు మాట్లాడి, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. అవన్నీ అటుంచండి. గిన్నె దొరికిన ఆ సాయంత్రం సంగతి చెప్పాలి.

వడ్రంగి ఐదున్నరకి ఇంటికొచ్చాడు. చెవి మీద పెన్సిలు, చొక్కా నిండా రంపంపొట్టు. ముందుగదిలో బల్ల మీద వాళ్లమ్మ గిన్నె ప్లాస్టిక్ సంచీలో సీలు వేసి ఉంది. విషయం డాక్టరమ్మ చెప్పింది. ఆయనకి కోపమొచ్చింది.

"మా అమ్మ గిన్నెలో విషముందంటారా? ముప్పై ఏళ్లు వండి పెట్టింది మాకు అందులో."

"గిన్నెలో కాదండీ, మాటులో."

"ఏదైనా ఒకటే కదండీ. నేను ఈ ఇంట్లోనే తింటున్నాను. నా కూతురూ ఈ ఇంట్లోనే తింటోంది. మాకెందుకు లేదు? మొన్న గుండీలన్నారు, దాని చేతిలో పని తీసేశారు. ఇవాళ గిన్నె అంటున్నారు. రేపు నన్నంటారా?"

డాక్టరమ్మ ఏదో అనబోయింది. డబ్బాలక్క చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తను రాసిన కాగితం తీసి వడ్రంగి చేతికిచ్చింది.

"ఏంటిది?"

"నిన్న మీ ఆవిడ తిన్నది. చదువు నాయనా."

వడ్రంగి కాగితం కిటికీ వెలుతురుకి పట్టుకున్నాడు. చెక్క కోసే ముందు కొలతలు పైకి చదువుకునే అలవాటు ఆయనకి. ఇదీ అలాగే పైకి చదివాడు.

"పొద్దున. టీ, అరగ్లాసు. రొట్టె మాడిన అంచులు, ముప్పై గ్రాములు. పది గంటలకి. పాప వదిలేసిన అన్నం, రెండు ముద్దలు. మధ్యాహ్నం. అడుగంటిన అన్నం, తొంభై గ్రాములు. మిగులు గిన్నెలోది, మొన్నటి టమాటా కూర, నూట నలభై గ్రాములు."

ఆగాడు. తల ఎత్తి పెళ్లాం వైపు చూశాడు. ఆమె దుప్పటి కప్పిన మిషను మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"మొన్నటిదా? నిన్న నేను తిన్నది అప్పుడే చేసింది కదా?"

"అది మీకు చేసిందండీ."

ఆయన మళ్లీ కాగితంలోకి చూశాడు. గొంతు కాస్త తగ్గింది. "పాలు. లేదు. గుడ్డు. లేదు." వేలు ఆ మాట మీద పెట్టి ఉంచాడు. "ఇదేంటి, లేదంటారు? డాక్టరుగారు చెప్పారని నేనే తెచ్చానుగా, డజను. నీకోసమేగా తెచ్చింది. రెండువారాల్లో రెండుసార్లు తెచ్చాను."

"తెచ్చారండీ," అంది ఆమె. "మీకూ పాపకీ వేశాను. మీరు బాగుందన్నారు."

 పిల్ల నిద్ర లేచి వచ్చి తండ్రి కాలు పట్టుకుంది. ఆయన చూసుకోలేదు. కాగితంలో అడుగున ఒక వరుస మిగిలింది. అది చదవడానికి చాలాసేపు పట్టింది.

"రాత్రి. టీ, అరగ్లాసు."

వడ్రంగి కాగితం తిరగేసి చూశాడు. వెనక ఏమీ రాసి లేదు.